వైరస్ సోకని ఆపరేటింగ్ సిస్టమ్ నిజంగా ఉందా? విండోస్ వదిలి లైనక్స్‌కు మారమంటారా?

అక్షరశిల్పి_తెనాలి

తెనాలిలో పద్నాలుగేళ్లుగా డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. షాపులో విండోస్ 7 ఉన్న కంప్యూటర్లు రెండు, విండోస్ 10 ఉన్నది ఒకటి ఉన్నాయి. పోయిన మంగళవారం పొద్దున విండోస్ 10 కంప్యూటర్ ఆన్ చేసేసరికి డి డ్రైవ్‌లోని ప్రతి ఫైలు పేరు చివరా నాలుగు అక్షరాల తోక వచ్చి చేరింది, ఏ ఫైలూ తెరుచుకోలేదు. ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక టెక్స్ట్ ఫైలు ఉంది. ఫైళ్లు తిరిగి కావాలంటే 980 డాలర్లు కట్టాలనీ, 72 గంటల్లోపు సంప్రదిస్తే 490 డాలర్లు చాలనీ అందులో రాసి ఉంది. 2016 నుంచి నేను చేసిన శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, రెండు కవితా సంపుటాల పేజీలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఒక శుభలేఖ ఆ సాయంత్రమే ప్రెస్సుకు వెళ్లాల్సి ఉండగా, పెళ్లికూతురి తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని రాత్రి పదకొండింటి దాకా మొదటి అక్షరం నుంచి మళ్లీ కంపోజ్ చేశాను.

"లైనక్స్ వేసుకో మామయ్యా, దానికి వైరస్ రాదు" అని మా మేనల్లుడు అంటున్నాడు. అన్ని సిస్టమ్‌లూ ఒకటేననీ, లైనక్స్ వాడేవాళ్లు తక్కువ కాబట్టి దొంగలు దాని జోలికి పోరనీ మా వీధిలో కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి అంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజం? మారితే నా పని ఆగకూడదు, మారకపోతే ఇలాంటి రోజు మళ్లీ రాకూడదు.

పెంగ్విన్_పక్షం

మీ మేనల్లుడి మాటే నిజం. పదకొండేళ్లుగా ఉబుంటు అనే లైనక్స్ వాడుతున్నాను, ఒక్కసారి కూడా వైరస్ చూడలేదు. లైనక్స్ యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ బాటలో పుట్టింది కనుక, మామూలు వాడుకరి వేరు, సర్వాధికారాలు ఉన్న రూట్ వేరు అన్న విభజన దానిలో మొదటి నుంచీ ఉంది. ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఫైలుకు నడిచే అనుమతిని మనం ఇవ్వనిదే అది ప్రోగ్రాముగా నడవదు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, లైనక్స్‌లో సాఫ్ట్‌వేర్ కోసం ఊరూ పేరూ లేని వెబ్‌సైట్ల చుట్టూ తిరగనక్కరలేదు. కావలసినదంతా ఆ లైనక్స్ పంపిణీదారు నడిపే సాఫ్ట్‌వేర్ భాండాగారంలోనే ఉంటుంది, ప్రతి ప్యాకేజీ అసలుదేనా అని డిజిటల్ సంతకం సాయంతో సిస్టమే సరిచూస్తుంది, అప్‌డేట్లు కూడా అన్నిటికీ కలిపి ఒకే చోటి నుంచి వస్తాయి. విండోస్ వాడేవారు రోగం తెచ్చుకునేది ఎక్కువగా ఆ డౌన్‌లోడ్ వెతుకులాటలోనే.

గోదారి_గట్టు

పదకొండేళ్లుగా దొంగలు పడలేదంటే తలుపు గట్టిదని రుజువు కాదు, ఆ వీధికి దొంగ రాలేదని కూడా అర్థం కావచ్చు. వైరస్ రాసేవాడు ఎక్కువమంది వాడే దాని కోసమే రాస్తాడు. బల్ల మీద కంప్యూటర్లలో లైనక్స్ వాటా ఎంత తక్కువో మీకే తెలుసు.

వైజాగ్_సర్వర్లు

పైన ఇద్దరూ చెప్పినవి రెండూ సగం నిజాలే. పద్దెనిమిదేళ్లుగా విండోస్, లైనక్స్ సర్వర్లు రెండింటినీ చూసుకునే ఉద్యోగం నాది. తేడా ఉందా అంటే ఉంది, కానీ ఆ తేడా కాలంతో పాటు మారుతూ వచ్చింది.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీని గుర్తు చేసుకోండి. ఇంట్లో వాడే దాదాపు ప్రతి ఖాతాకూ నిర్వాహకుడి అధికారాలు ఉండేవి కాబట్టి, మీరు నొక్కిన ఏ ప్రోగ్రామైనా మీ పేరు మీద సిస్టమ్ మొత్తాన్నీ తిరగరాయగలిగేది. నెట్ నుంచి వచ్చే చొరబాట్లను ఆపే ఫైర్‌వాల్ ఉన్నా మొదట్లో దాన్ని ఆపేసి ఇచ్చేవారు. 2003లో బ్లాస్టర్, 2004లో సాసర్ పురుగులు ఊరికే నెట్‌కు కలిపి ఉన్న కంప్యూటర్లలోకి, ఎవరూ ఏమీ నొక్కకుండానే, దూరిపోయాయి. 2004 ఆగస్టులో వచ్చిన రెండో సర్వీస్ ప్యాక్‌తో ఫైర్‌వాల్ దానంతటదే పనిచేయడం మొదలైంది. 2007లో విస్టాతో "ఈ ప్రోగ్రాముకు అనుమతి ఇస్తారా" అని అడిగే పద్ధతి ఇళ్లలోకి వచ్చింది. అప్పుడు దాన్ని అందరూ విసుక్కున్నారు గానీ, ఎక్స్‌పీకీ లైనక్స్‌కూ మధ్య ఉన్న అగాధంలో చాలా భాగాన్ని పూడ్చింది ఆ పద్ధతే. ఆ రోజుల్లో మీ మేనల్లుడి మాట అక్షరాలా నిజం. ఇప్పుడు అంత నిజం కాదు.

2017 మే 12 శుక్రవారం వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రాము, మొదలైంది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ (సవరణ) ఇచ్చింది. అంటే రెండు నెలల గడువు ఉంది. ఆ ప్యాచ్ వేసుకున్న విండోస్‌లో ఆ లోపం గుండా అది దూరలేకపోయింది. వేసుకోని విండోస్‌లు 150 దేశాల్లో పడిపోయాయి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నింటికీ అది సోకింది. ఆ శనివారం రాత్రి మా ఆఫీసులో నాలుగు అంతస్తులు తిరిగి ఒక్కో కంప్యూటర్ వెనక నుంచి ల్యాన్ కేబుల్ చేత్తో పీకిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కటే అయినా ఒకటి బతికింది, పక్కది పోయింది.

డాలస్_తెలుగమ్మాయి

తొమ్మిదేళ్లుగా మ్యాక్ వాడుతున్నాను, యాంటీవైరస్ ఏదీ వేయలేదు, ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు. ఖరీదు భరించగలిగితే అదే మంచి దారి అని నా అభిప్రాయం.

కోడ్_రాత

మ్యాక్ కట్టుదిట్టమైనదే, కానీ దానికి వైరస్ రాదన్న మాటను ఆపిల్ కూడా 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. ఆ ఏడాదే ఫ్లాష్‌బ్యాక్ అనే దొంగ ప్రోగ్రాము సుమారు 6 లక్షల మ్యాక్‌లకు సోకింది. అది దూరింది జావా అనే సాఫ్ట్‌వేర్‌లోని ఒక లోపం గుండా; దాన్ని జావా తయారీదారు ఒరాకిల్ ఫిబ్రవరిలోనే సరిచేయగా, మ్యాక్‌లకు ఆ సవరణ ఏప్రిల్‌లో గానీ అందలేదు. దొంగకు దొరికిన సందు ఆ మధ్యకాలమే. 2016 మార్చిలో టొరెంట్లు దించుకునే ఒక ప్రోగ్రాము అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే కీరేంజర్ అనే ర్యాన్సమ్‌వేర్‌ను దాచి పెట్టారు. ఇప్పుడు తిరుగుతున్నవి ఇంకో రకం. అచ్చం సిస్టమ్ అడిగినట్టే ఒక చిన్న కిటికీ తెరిచి మీ పాస్‌వర్డ్ అడుగుతాయి; మీరు కొట్టగానే కీచైన్ (మ్యాక్ పాస్‌వర్డ్‌లు దాచే చోటు), బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు అన్నీ ఊడ్చుకుపోతాయి. తాళం పగలగొట్టాల్సిన అవసరమే లేదు, మీరే తీసి ఇస్తున్నారు.

డాలస్_తెలుగమ్మాయి

ఆ కిటికీ సంగతి నాకు తెలియదు. పాస్‌వర్డ్ అడిగిన ప్రతిసారీ ఆలోచించకుండా కొట్టే అలవాటు నాకుంది. తెలియజేసినందుకు కృతజ్ఞతలు.

రిపేర్_సెంటర్_వరంగల్

అక్షరశిల్పి గారిని ఒక ప్రశ్న అడగాలి. ఆ ముందు రోజు ఆ కంప్యూటర్‌లో ఏదైనా సాఫ్ట్‌వేర్‌ను కొనకుండా వాడుకోవడానికి క్రాక్ గానీ, యాక్టివేటర్ గానీ వేశారా? 980, 490 అంకెలు, నాలుగు అక్షరాల తోక చూస్తే ఇది స్టాప్ లేదా డీజేవీయూ అని పిలిచే ర్యాన్సమ్‌వేర్ లాగా ఉంది. 2018 నుంచి మన దగ్గర చిన్న షాపులకు, విద్యార్థులకు ఎక్కువగా తగులుతున్నది ఇదే, దాదాపు ఎప్పుడూ క్రాక్ ఫైలు లోపల కూర్చునే వస్తుంది.

దయచేసి ఆ డిస్కును ఫార్మాట్ చేయకండి, డబ్బు అసలు కట్టకండి. ఆ టెక్స్ట్ ఫైలు అడుగున మీకు కేటాయించిన ఒక పొడవైన గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది t1 అనే అక్షరాలతో ముగిస్తే, మీ ఫైళ్లకు వేసిన తాళం చాలామందికి ఉమ్మడిగా వాడిన తాళం అన్నమాట. దాని తాళంచెవి దొరికి ఉంటే ఎమ్సీసాఫ్ట్ అనే భద్రతా సంస్థ ఉచితంగా ఇచ్చే సాధనంతో తెరుచుకోవచ్చు. ఐరోపా పోలీసులు, భద్రతా సంస్థలు కలిసి 2016లో పెట్టిన నో మోర్ ర్యాన్సమ్ వెబ్‌సైట్‌లో అది దొరుకుతుంది. అలా ముగియకపోతే ఇప్పటికి ఆశ తక్కువ. అయినా ఈ రకం ప్రతి ఫైలులో మొదటి 150 కిలోబైట్ల మేరకే గిలకొడుతుంది కాబట్టి, పెద్ద వీడియోల్లాంటివి కొంతవరకు బాగుపడతాయి.

అక్షరశిల్పి_తెనాలి

మీరు అడిగాక మా షాపు కుర్రాణ్ణి కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగాను. సోమవారం రాత్రి షాపు కట్టే ముందు ఒక డిజైన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌ను ఉచితంగా ఇచ్చే సైటు నుంచి దించాడట. యాంటీవైరస్ ఎర్రగా హెచ్చరిస్తే, "ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి" అని ఆ సైటులోనే రాసి ఉండటంతో ఆపేశాడు. వాణ్ణి తిట్టలేదు. ఆ సాఫ్ట్‌వేర్ కొనకుండా ఇన్నేళ్లు నెట్టుకొచ్చింది నేను. వాడు నా దగ్గర చూసిందే చేశాడు.

పెంగ్విన్_పక్షం

నేను చెప్పింది ఇదే. లైనక్స్‌లో అయితే ఇంక్‌స్కేప్, గింప్, స్క్రైబస్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా, భాండాగారం నుంచే వచ్చేవి. క్రాక్ వెతకాల్సిన అవసరమే ఆ కుర్రాడికి పడేది కాదు.

కోడ్_రాత

ఆ మాట ఒప్పుకుంటాను. లైనక్స్ ఇచ్చే రక్షణలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది కూడా అదే. అయితే రూట్ వేరు, వాడుకరి వేరు అన్న విభజన గురించి మీరు మొదట చెప్పినది ఈ కేసులో ఏమీ కాపాడేది కాదు. ర్యాన్సమ్‌వేర్‌కు రూట్ అధికారం అక్కరలేదు. అక్షరశిల్పి గారి శుభలేఖలు అక్షరశిల్పి గారి ఖాతావే. ఆ ఖాతాలో నడిచే ఏ ప్రోగ్రామైనా వాటిని తెరవగలదు, తిరగరాయగలదు. సాధారణ ఉబుంటు కంప్యూటర్‌లో హోమ్ ఫోల్డర్ విషయంలోనూ ఇంతే. సిస్టమ్ ఫైళ్లు పోతే గంటలో మళ్లీ వేసుకుంటాం, పోకూడనివి మన ఫైళ్లు. యూనిక్స్ విభజన పుట్టింది ఒకే యంత్రాన్ని పదిమంది పంచుకునే రోజుల్లో, ఒకరి నుంచి ఇంకొకరిని కాపాడటానికి. మీ పేరు మీద నడిచే ప్రోగ్రాము నుంచి మిమ్మల్ని కాపాడే పని దానికి ఎవరూ అప్పగించలేదు.

ఆ పనిని నిజంగా చేసినవి ఫోన్లు. ఐఫోన్‌లో ఒక యాప్ ఇంకో యాప్ ఫైళ్లను తాకలేదు, ఆండ్రాయిడ్‌లోనూ ప్రతి యాప్‌కూ విడి గది ఉంటుంది. కాబట్టి ఏ సిస్టమ్ భద్రమైనదని అడిగితే, మ్యాకా, విండోసా, లైనక్సా అన్న వరుస కంటే, ఒక ప్రోగ్రాము చేతికి ఒక్కసారిగా ఎంత ఆస్తి అందుతుంది అన్నదే నేను చూస్తాను.

నిజామాబాద్_టీచరు

కోడ్_రాత గారు ఫోన్లను మెచ్చుకున్నారు కనుక మా ఇంట్లో జరిగినది చెప్పాలి. మా బావగారికి వాట్సాప్‌లో, తెలిసినవాళ్ల నంబర్ నుంచే, ట్రాఫిక్ చలానా పేరుతో ఒక ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) వచ్చింది. బండి మీద చలానాలు ఉన్నమాట నిజమే కావడంతో తెరిచారు. తెలియని యాప్‌లకు అనుమతి ఇవ్వమంటే ఇచ్చారు, మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడిగితే అదీ ఇచ్చారు. తర్వాత తెర మీద ఏమీ కనిపించలేదు. అరగంటలో ఓటీపీలు ఆయన చూడకుండానే వెళ్లిపోయాయి, ఖాతాలోంచి రెండు దఫాలుగా 86 వేల రూపాయలు పోయాయి, ఆయన నంబర్ నుంచే అదే ఫైలు మా బంధువులందరికీ వెళ్లింది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం వల్ల రెండో దఫా డబ్బు దారిలో ఆగింది. ప్రతి యాప్‌కూ విడి గది ఉన్నమాట నిజమే, కానీ మెసేజ్‌ల గది తాళంచెవి మా బావగారి చేతే ఇప్పించారు.

గోదారి_గట్టు

ఆండ్రాయిడ్ నడిచేది లైనక్స్ కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ) మీదే. వాడేవాళ్లు పెరిగారు, దొంగలూ వచ్చారు. నేను చెప్పింది ఇదే.

వైజాగ్_సర్వర్లు

అది సగమే, గోదారి_గట్టు గారూ. జనాదరణ ఒక్కటే కారణమైతే ఐఫోన్ల మీద కూడా ఈ చలానా ఫైళ్లు ఇంతే జోరుగా తిరగాలి. తిరగకపోవడానికి కారణం, బయటి నుంచి వచ్చిన ఫైలును అలా నేరుగా ఇన్‌స్టాల్ చేసే దారిని అక్కడ తెరిచి ఉంచకపోవడమే. పెగాసస్ లాంటి నిఘా సాధనాలు ఐఫోన్‌లోకీ దూరాయి, కానీ అవి ఎంతో ఖర్చు పెట్టి ఎంచుకున్న మనిషి మీద వేసే వల, వీధిలో అందరి మీదా విసిరేది కాదు.

లైనక్స్ జోలికి ఎవరూ పోరన్నది కూడా సరికాదు. 2016లో మిరాయ్ అనే పురుగు లైనక్స్ నడిచే సీసీ కెమెరాలనూ రౌటర్లనూ లక్షల సంఖ్యలో పట్టుకుంది. అందుకు అది వాడిన ఆయుధమల్లా, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లు అరవై పైచిలుకు ఉన్న ఒక జాబితా. మీ షాపు కెమెరా పాస్‌వర్డ్ ఇప్పటికీ ఫ్యాక్టరీదేనేమో చూసుకోండి. అదే ఏడాది ఫిబ్రవరిలో లైనక్స్ మింట్ అనే ఇంకో లైనక్స్ వెబ్‌సైట్‌లోకే చొరబడి, డౌన్‌లోడ్ లింకును దొంగ ఫైలు వైపు మళ్లించారు. పెంగ్విన్_పక్షం గారు చెప్పిన భాండాగారమూ చెక్కుచెదరనిది కాదు. ఎక్స్‌జెడ్ (xz) అనే, ఫైళ్లను కుదించే చిన్న ప్యాకేజీలో, నిర్వాహకుడి నమ్మకాన్ని రెండేళ్లకు పైగా సంపాదించుకున్న ఒకరు దొంగతలుపు పెట్టారు. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీసి, 2024 మార్చి 29న దాన్ని బయటపెట్టిన ఇంజనీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్ మైక్రోసాఫ్ట్ ఉద్యోగి. ఎక్కువమంది వాడే స్థిరమైన విడుదలల్లోకి అది చేరకముందే పట్టుబడింది. అర సెకనును పట్టించుకున్న ఒక మనిషి మనందరినీ కాపాడాడు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పెంగ్విన్_పక్షం

ఎక్స్‌జెడ్ విషయంలో మీతో వాదించను. అయితే కోడ్ అందరికీ తెరిచి ఉంది కాబట్టే ఆయన అంత లోతుకు వెళ్లి చూడగలిగాడని కూడా గమనించాలి. "ఒక్కసారి కూడా వైరస్ చూడలేదు" అని రాసినచోట "నాకు తెలిసినంతవరకు" అని చేర్చి చదువుకోండి.

విశ్రాంత_గుమాస్తా

బ్యాంకు పనులకు మా అబ్బాయి క్రోమ్‌బుక్ (గూగుల్ క్రోమ్‌ఓఎస్ నడిచే ల్యాప్‌టాప్) కొనిచ్చాడు. ఆన్ చేసిన ప్రతిసారీ అది తన సిస్టమ్ మారలేదని సరిచూసుకున్నాకే తెరుచుకుంటుంది. విండోస్ ప్రోగ్రాముల .exe ఫైళ్లు దాని మీద నడవవు. నా వయసువారికి అది సరిపోతుంది, డీటీపీ పనికి మాత్రం పనికిరాదు.

ప్లెక్సీ_గుంటూరు

ఇన్ని మాటల్లో అసలు చిక్కును ఎవరూ ముట్టుకోలేదు. తెలుగు డీటీపీ అంటే ఇప్పటికీ తెలుగు టైపు చేసే అను స్క్రిప్ట్ మేనేజర్, పేజీలు పేర్చే పేజ్‌మేకర్ 7. ఇవి నడిచేది విండోస్ మీదే. పాత ఫైళ్లన్నీ యూనికోడ్ కాని ఫాంట్లలో ఉంటాయి, వాటిని మారిస్తే వత్తులు ఎక్కడికో పోతాయి, మళ్లీ ప్రూఫు మొదటి నుంచి చూడాలి. పదిహేనేళ్ల నా చేతివేళ్లకు ఆ కీబోర్డు తప్ప ఇంకోటి రాదు. అక్షరశిల్పి గారిని రేపటి నుంచి లైనక్స్‌కు మారమని చెప్పడం, మిషన్ మారిస్తే చాలు కుట్టు అదే వస్తుందని దర్జీకి చెప్పడం లాంటిది.

నేను చేసిన ఏర్పాటు చెబుతాను. కంపోజింగ్ చేసే విండోస్ 7 కంప్యూటర్‌కు మూడేళ్లుగా నెట్ లేదు. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు, మెయిళ్లు, వాట్సాప్ ఫైళ్లు అన్నీ కౌంటర్ దగ్గర ఉన్న పాత కంప్యూటర్‌లోనే తెరుస్తాం. దాని మీద లైనక్స్ మింట్ వేశాను. అక్కడ తెరిచి చూసిన బొమ్మ, పీడీఎఫ్ మాత్రమే మా సొంత పెన్‌డ్రైవ్‌లో లోపలికి వెళ్తాయి.

రిపేర్_సెంటర్_వరంగల్

ప్లెక్సీ_గుంటూరు గారి ఏర్పాటు చాలా బాగుంది. విండోస్ 7కు మామూలు అప్‌డేట్లు 2020 జనవరి 14తోనూ, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తోనూ ఆగిపోయాయి కనుక, నెట్‌కు దూరంగా ఉంచడమే వాటికి మొదటి మందు. విండోస్ 10ను తప్పనిసరిగా నెట్‌లో వాడాల్సి వస్తే పొడిగించిన అప్‌డేట్లకు నమోదు చేసుకోండి. విండోస్‌తోనే వచ్చే డిఫెండర్ యాంటీవైరస్‌లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే మీట ఒకటి 2017 నుంచీ ఉంది. దాన్ని వేస్తే మీరు ఒప్పుకున్నవి, మైక్రోసాఫ్ట్ నమ్మినవి అయిన ప్రోగ్రాములు తప్ప వేరేవి ఆ ఫోల్డర్లలో రాయలేవు. కోడ్_రాత గారు అడిగిన రక్షణ దాదాపు అదే, కానీ దాన్ని ఆపేసే ఇస్తారు, వెతికి వేసుకోవాలి. రెండు బయటి హార్డ్‌డిస్కులు కొని వారం మార్చి వారం కాపీ చేసుకోండి, కాపీ అవగానే కేబుల్ తీసేసి బీరువాలో పెట్టండి. కలిపి ఉంచితే దానిలోని ఫైళ్లకూ తాళం పడుతుంది.

అక్షరశిల్పి_తెనాలి

అందరూ ఇంత ఓపికగా రాసినందుకు ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత. ఆ గుర్తింపు సంఖ్య t1తో ముగియలేదు. ఆ డిస్కును తీసి, తేదీ రాసి, బీరువాలో పెట్టాను. రెండు కవితా సంపుటాల్లో ఒకదాని పేజీలు పీడీఎఫ్ రూపంలో ప్రెస్సువాళ్ల దగ్గర దొరికాయి. రెండోదాని కవి గారికి నేనే వెళ్లి చెప్పాను; చేతిరాత ప్రతి ఉంది, మళ్లీ కంపోజ్ చేద్దాం లెమ్మన్నారు.

ప్లెక్సీ_గుంటూరు గారు చెప్పినట్టే మేనల్లుడి చేత కౌంటర్ కంప్యూటర్‌కు మింట్ వేయించాను. వేసే ముందు ఫైలు అసలైనదో కాదో సరిపోల్చమని వైజాగ్_సర్వర్లు గారి పోస్టు చూపించాను, వాడు ఫైలు అసలైనదని తేల్చే 64 అక్షరాల సంఖ్యను తెర మీద పెట్టి నా చేత పక్కపక్కన చదివించాడు. ఈ పొద్దున ఒకాయన వాళ్ల నాన్నగారి పెద్దకర్మ కార్డు కోసం ఫోటో ఉన్న పెన్‌డ్రైవ్ తెచ్చారు. మింట్‌లో తెరిస్తే లోపల మూడే ఉన్నాయి. పెన్‌డ్రైవ్ పేరుతోనే ఒక షార్ట్‌కట్, అర్థం లేని అక్షరాల పేరుతో ఒక వీబీఎస్ ఫైలు (విండోస్‌లో నడిచే చిన్న ప్రోగ్రాము), అసలు పేరే లేని ఒక ఫోల్డర్. ఆ పేరు లేని ఫోల్డర్ తెరిస్తే ఆయన ఫైళ్లన్నీ క్షేమంగా ఉన్నాయి, ఫోటో కూడా. నా విండోస్‌లో అయితే మిగతావి దాగిపోయి ఆ షార్ట్‌కట్ ఒక్కటే కనపడేది, నేను దాన్నే నొక్కేవాణ్ణి. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు నొక్కానో, నా షాపు నుంచి ఎందరి పెన్‌డ్రైవ్‌లకు అంటించి పంపానో తలుచుకుంటే మనసు బాగాలేదు.

ఆయన పెన్‌డ్రైవ్ నా దగ్గరే ఉంది, సాయంత్రం వస్తారు. ఆ మొదటి రెండూ తీసేసి ఇవ్వవచ్చా?

రిపేర్_సెంటర్_వరంగల్

ఆయనను అడిగి తీసేయండి. ముందు పేరు లేని ఫోల్డర్‌లోని ఫైళ్లను బయటికి జరపండి, ఆ తర్వాతే షార్ట్‌కట్‌నూ వీబీఎస్‌నూ తొలగించండి. ఆ వీబీఎస్ వాళ్ల ఇంటి కంప్యూటర్‌లో కూడా ఉండి ఉంటుంది, అక్కడ పెట్టగానే మళ్లీ ఇలాగే అవుతుంది. ఆ సంగతి కార్డు చేతికి ఇచ్చేటప్పుడు కాకుండా, పెద్దకర్మ అయిపోయాక ఫోన్ చేసి చెప్పండి.